జ్వరం దిగింది కదా అని...

వానలు పట్టి, కాలవలకు నీళ్లొదిలాక ఈ శీర్షికకు జ్వరాల ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చినవాటిలో చాలామటుకు జ్వరం తగ్గాక రాసినవే. జవాబుల్లో వైద్యశాస్త్రం చెప్పేదానితోపాటు, ఆ జబ్బులు పడి లేచినవాళ్లూ వాళ్లకు చేసినవాళ్లూ చెప్పే పనికొచ్చే సంగతులు కూడా కలిపాం.

ప్రశ్న: మా వారికి ఎన్‌ఎస్‌1 పరీక్షలో డెంగీ అని తేలిందండి. ఐదో రోజుకి జ్వరం పూర్తిగా దిగింది. హమ్మయ్య అనుకునేలోపే ప్లేట్‌లెట్లు 1,20,000 నుంచి 58,000కి పడిపోయాయి. వెంటనే కాకినాడ తీసుకెళ్లి ఎక్కించమంటారు మా బావగారు. బొప్పాయి ఆకు రసం పట్టమంటారు అత్తగారు. ఎవరి మాట వినాలి? – ఒక గృహిణి, అంబాజీపేట

ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి మీ వారికి ఆ గండం దాటిపోయే ఉంటుంది. అయినా ఇది మీ ఒక్క ఇంటి ప్రశ్న కాదు కాబట్టి వివరంగానే చెబుతున్నాం.

డెంగీలో జ్వరం 2 నుంచి 7 రోజులుంటుంది. అది దిగే వేళకే అసలు ప్రమాదం మొదలవుతుంది. అక్కణ్నుంచి 24 నుంచి 48 గంటలపాటు సన్నని రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి ఊరిపోతుంది. అది పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. డెంగీ ప్రాణం మీదకి తెచ్చేది ఎక్కువగా ఇలాగే. ఊరంతా మాట్లాడుకునేది మాత్రం ప్లేట్‌లెట్ల గురించే!

రక్తపరీక్ష కాగితంలో ప్లేట్‌లెట్లతోపాటు హెమటోక్రిట్ అనే అంకె కూడా ఉంటుంది. కొన్ని ల్యాబులు పీసీవీ అని వేస్తాయి. మొదటి రోజు 40 ఉన్నది 48కి వెళ్లిందంటే, అంటే 20 శాతం పెరిగిందంటే, ఊట బాగా జరుగుతోందని అర్థం. ప్లేట్‌లెట్లు పడుతూ ఈ అంకె పెరుగుతుంటే ఇంట్లో ఉంచకూడదు. 58,000 ఉండి, పీసీవీ నిలకడగా ఉండి, మనిషి తాగుతూ తింటూ, మూత్రం సరిగ్గా పోస్తుంటే కంగారు లేదు. రోజూ ఒకసారి రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపిస్తే చాలు. ఎక్కడా రక్తం కారనప్పుడు ప్లేట్‌లెట్లు 10,000 కంటే పైన ఉంటే సాధారణంగా ఎక్కించరు. ఎక్కించినవి కూడా కొద్ది గంటల్లోనే నశిస్తాయి. కోలుకునేటప్పుడు ముందు తెల్లకణాలు పెరుగుతాయి, ఆ తర్వాతే ప్లేట్‌లెట్లు. తెల్లకణాలు 2,500 నుంచి 4,000కి వచ్చాయంటే మలుపు తిరిగినట్టే.

బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరిగాయని కొన్ని చిన్న పరిశీలనల్లో తేలింది. కానీ ఊటను ఆపుతుందనిగానీ, ప్రాణాలు కాపాడుతుందనిగానీ రుజువు లేదు. దానితో వచ్చే చిక్కు వేరే ఉంది. ఆ చేదుకి చాలామందికి వాంతులవుతాయి. ఆగని వాంతులు డెంగీ ముదిరిందనడానికి గుర్తు. రసం వల్ల అయ్యాయో జబ్బు వల్ల అయ్యాయో డాక్టరు కూడా తేల్చలేని పరిస్థితి తెచ్చుకోవడం ఎందుకు?

తాగించాల్సింది నీళ్లు. పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద రెండున్నర నుంచి మూడు లీటర్లు. ఒకేసారి గ్లాసుడు పడితే కక్కేస్తారు. లేచినవాళ్లంతా చెప్పే చిట్కా ఒకటే: లీటరు సీసా మంచం పక్కన పెట్టుకుని పది నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్లకు. గ్లాసులో కలిపితే ఉప్పు, చక్కెర ఎక్కువై దాహం పెరుగుతుంది, విరేచనాలవుతాయి. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు చేసినవి, ప్యాకెట్టు మీద చూసి కలపండి. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తల కొట్టిన చిన్న చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. మన కోనసీమలో జ్వరమనగానే బొండాలు దింపిస్తారు. మంచిదే. అయితే కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. రోజుకి రెండు బొండాలు చాలు, మిగతాది ఓఆర్‌ఎస్, ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ. కిడ్నీ జబ్బున్నవాళ్లకి బొండాలు డాక్టర్ని అడక్కుండా పట్టొద్దు.

గోడకి ఒక కాగితం అంటించి టైము, జ్వరం, తాగింది, మూత్రం, వాంతులు రాస్తూ ఉండండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారైనా మూత్రం రావాలి. ఆరు గంటలు దాటినా రాకపోయినా, విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, నల్లటి విరేచనం, చల్లబడ్డ చేతులూ కాళ్లూ, మగతగా పడుండటం లేక ఊరికే చిరాకుపడటం, ఆయాసం, లేస్తే కళ్లు తిరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి నెలసరి ఎప్పటికంటే ఎక్కువ పోతున్నా అదీ గుర్తే.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకి 650 మిల్లీగ్రాముల బిళ్ల ఆరేసి గంటల ఎడంతో, రోజుకి నాలుగుకి మించకుండా. డెంగీలో లివరు ఎలాగూ దెబ్బతిని ఉంటుంది, దాని మీద ఇంకా భారం వేయకూడదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, కడుపులో రక్తస్రావానికి దారితీస్తాయి. ఒళ్లునొప్పులకి చేసే ఇంజెక్షన్ చాలాసార్లు డైక్లోఫెనాకే. పేరు అడిగాకే చేయి చాపండి. పిల్లల సిరప్పులు రెండు బలాల్లో వస్తాయి: 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములది, 250ది. 20 కిలోల పిల్లకి ఒకసారికి 300 మిల్లీగ్రాములు. మొదటి సీసాలోదైతే 12 మిల్లీలీటర్లు, రెండోదైతే 6. సీసా మారినప్పుడు మూత పాత లెక్కనే నింపేస్తుంటారు, అక్కడే వస్తుంది తేడా.

చివరగా సెలైన్ మాట. ఊట ఆగిన తర్వాత రెండు మూడు రోజుల్లో బయటికి పోయిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆ సమయంలో నీరసమని ఇంకో రెండు సీసాలు ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లో నిలిచి ఆయాసం వస్తుంది. అయినా 5 శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దాంతో వచ్చే బలం రెండు ఇడ్లీలతోనూ వస్తుంది.

ప్రశ్న: మా వీధి డ్రైనులో బ్లీచింగ్ చల్లారు, పొగ పెట్టారు. మా ఇంటి చుట్టూ మురుగన్నదే లేదు. అయినా వరసగా ముగ్గురం డెంగీతో పడ్డాం. ఒకసారి వచ్చింది కాబట్టి ఇక రాదంటున్నారు, నిజమేనా? – కొబ్బరి రైతు, పెనుగొండ

బోదకాలు ఎక్కువగా ఉన్న రోజుల నుంచీ మన డెల్టాలో దోమంటే మురుగుదోమే. అది క్యూలెక్స్, రాత్రిళ్లు కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ దోమకి మురుగు నచ్చదు, నిలవున్న మంచినీళ్లు కావాలి. పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నే, మళ్లీ పొద్దువాలేముందు. కాబట్టి డ్రైను ఎంత కడిగినా మీ పెరడు చూసుకోకపోతే ప్రయోజనం లేదు.

మీరు కొబ్బరి రైతునన్నారు, అక్కణ్నుంచే మొదలుపెడదాం. కాయ ఒలిచాక పోగుపడ్డ డొక్కల్లో, వెల్లకిలా పడున్న చిప్పల్లో, తాగి పారేసిన బొండాల్లో ఒక వానకి నిలిచే నీళ్లు చాలు. గుడ్డు నుంచి ఎగిరే దోమ అవడానికి వారం పది రోజులు. చిప్పలు బోర్లించండి, బొండాన్ని రెండు చెక్కలు చేసి పారేయండి. తర్వాత ఇంటి చుట్టూ చూడండి: కోళ్లకి నీళ్లు పెట్టే మట్టిచిప్ప, పాత టైరు, ఫ్రిజ్ వెనక అడుగున ట్రే, మనీప్లాంటు సీసా, వాడని రోలు. రొయ్యల చెరువులున్న ఊళ్లలో గట్ల మీద వదిలేసిన ప్లాస్టిక్ డ్రమ్ములు కూడా.

సిమెంటు తొట్టి విషయంలో అందరూ ఒకటే పొరపాటు చేస్తారు. నీళ్లు పారబోసి వెంటనే నింపేస్తారు. ఏడిస్ గుడ్లు నీళ్లలో తేలవు, నీటి అంచుకి కాస్త పైన గోడకి నల్లటి నలకల్లా అతుక్కుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి కొబ్బరిపీచుతో ఆ అంచు చుట్టూ గట్టిగా రుద్ది, కడిగి, ఎండలో ఆరబెట్టి అప్పుడు నింపండి. పారబోసే నీళ్లు పొడినేల మీద పోయండి, లార్వాలు అక్కడే చస్తాయి. ప్రభుత్వం శుక్రవారాన్ని డ్రై డే, అంటే నీళ్ల తొట్లు ఖాళీచేసి ఆరబెట్టే రోజు, అని పెట్టింది గుడ్డు దోమయ్యే ఆ వారం రోజుల లెక్క కోసమే. ఖాళీ చేయలేని బావి, పెద్ద తొట్టిలోకి దోమ లార్వాలను తినే గంబూసియా చేపలు వదలమని మీ ఏఎన్‌ఎంని అడగండి.

పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది. ఏడిస్ ఇంట్లో మంచం కింద, చిలక్కొయ్యకి వేలాడే బట్టల వెనక దాక్కుంటుంది. పొగబండి వచ్చినప్పుడు తలుపులు మూసుకుంటే అది అక్కడే క్షేమంగా ఉంటుంది. ముగ్గురికి వరసగా రావడానికి కారణం కూడా ఇంట్లోనే ఉంది. జ్వరమొచ్చిన మొదటి ఐదారు రోజులు రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ రోజుల్లో కుట్టిన దోమ వారం పది రోజుల తర్వాత మిగతావాళ్లకి అంటిస్తుంది. రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచాలి.

డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒకటి వస్తే ఆ ఒక్కదాని నుంచే శాశ్వత రక్షణ. ఇంకో రకం సోకితే రెండోసారి మొదటిదానికంటే తీవ్రంగా రావచ్చు. కాబట్టి తెర తీసేయకండి.

ప్రశ్న: చికున్‌గున్యా వచ్చి నాలుగు నెలలు. పొద్దున లేచి చెరువు దగ్గరికి వెళ్లడానికి మడమ నేల మీద ఆనదు, పిడికిలి బిగుసుకోదు. ఊళ్లో ఒక ఇంజెక్షన్ చేస్తే మూడు రోజులు గుర్రంలా తిరిగాను, మళ్లీ మొదటికొచ్చింది. – రొయ్యల రైతు, భీమవరం దగ్గర

మూడు రోజులు తిరిగారంటే అది చాలావరకు స్టెరాయిడ్ అయి ఉంటుంది. వాపును అణిచేస్తుంది, జబ్బును కాదు. మళ్లీ మళ్లీ చేయిస్తే షుగరు పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఏం చేశారో కనుక్కుని కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.

చాలామందికి ఈ నొప్పులు వారాల్లో తగ్గుతాయి. కొందరికి నెలలు, ఇంకా కొందరికి ఏడాది దాటుతాయి. 2005–06లో మన రాష్ట్రంలో చికున్‌గున్యా ప్రబలినప్పుడు కూడా ఇలాగే చూశాం. మూడు నెలలు దాటాయి కాబట్టి మీరు కీళ్లవాత నిపుణుల్ని కలవాలి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు చేయిస్తారు, చికున్‌గున్యా తర్వాత కీళ్లవాతం బయటపడేవాళ్లు ఉంటారు. మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి.

ఇంట్లో చేయాల్సింది: లేవకముందే మంచం మీద పాదాలు ముందుకీ వెనక్కీ పదిసార్లు, మణికట్లు గుండ్రంగా పదిసార్లు. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో చేతులూ పాదాలూ పది నిమిషాలు, నీళ్లలోనే మెత్తటి బంతిని నొక్కి వదులుతూ. కదల్చకుండా ఉంచిన కీలు ఇంకా బిగుస్తుంది. వాపు ఎర్రగా, వేడిగా ఉన్నరోజు మాత్రం ఐసు, విశ్రాంతి. మేత బస్తా మోయడం, వల లాగడం ఇంకొకరికి అప్పజెప్పండి. చెరువు గట్టు మీద చెప్పుల్లేకుండా తిరగొద్దు, మెత్తటి మందపు అడుగున్న చెప్పులు మడమ నొప్పిని తగ్గిస్తాయి.

ప్రశ్న: ప్రతి వానాకాలం జ్వరం వస్తుంది, విడాల్ చేస్తే టైఫాయిడ్ అంటారు, ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడి ఆపేస్తాను. ఇన్నిసార్లు టైఫాయిడ్ వస్తుందా? – డిగ్రీ విద్యార్థి, తణుకు

అన్నిసార్లు వచ్చి ఉండదు. విడాల్ చూసేది బ్యాక్టీరియాను కాదు, యాంటీబాడీలను. అవి పాత టైఫాయిడ్ వల్ల, టీకా వల్ల, ఒక్కోసారి వేరే జ్వరం వల్ల కూడా పైకి కనిపిస్తాయి. మీకు వచ్చినవాటిలో చాలావరకు మూడు నుంచి ఐదు రోజుల్లో దానంతటదే పోయే వైరల్ జ్వరాలు. యాంటీబయాటిక్ ఐదో రోజుకి 'పనిచేసినట్టు' కనిపించేది అందుకే. నిజంగా టైఫాయిడ్ అనుమానముంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించాలి. మాత్ర వేసుకున్నాక తీసిన రక్తంలో క్రిమి పెరగకపోవచ్చు.

ఐదో రోజుకీ 101 దాటుతుంటే అది వైరలే అని సరిపెట్టుకోవద్దు. మలేరియా చూడాలి. చేలో దిగేవాళ్లలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంటుంది: పిక్కల నొప్పి, ఎర్రబడ్డ కళ్లు, తర్వాత కామెర్లు. స్క్రబ్ టైఫస్ అయితే ఒంటి మీద ఎక్కడో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. చంకలు, గజ్జలు, మొలతాడు కట్టేచోట ఇంట్లోవాళ్లని చూడమనండి. ఈ రెండూ బ్యాక్టీరియా జబ్బులు, సరైన మందుతో తగ్గుతాయి, ఆలస్యమైతే ప్రాణాంతకం.

ప్రశ్న: మా అబ్బాయికి పచ్చకామెర్లు. పసరు పోయించాం. నూనె, పాలు, చేప మాన్పించి చప్పిడి పెడుతున్నాం. చిక్కి సగమయ్యాడు. – ఒక తల్లి, నరసాపురం

వెంటనే కడుపునిండా పెట్టండి. నీళ్ల వల్ల వచ్చే లివరు జబ్బులు హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ రెండూ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు పోసినా పోయకపోయినా తగ్గేవే, పేరు పసరుకి వస్తుంది. కంట్లో, ముక్కులో పసర్లు, చేతికి వాతలు మాత్రం వద్దే వద్దు.

'లంఖణం పరమౌషధం' అంటారు కానీ దెబ్బతిన్న లివరు బాగుపడటానికి ఆహారమే కావాలి. వికారం సాయంత్రానికి పెరుగుతుంది కాబట్టి పొద్దున ఎక్కువ పెట్టి రాత్రికి తగ్గించండి. ఇడ్లీ, పప్పన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డు, కొర్రమీను పులుసు, తినగలిగితే ఏదైనా. తాలింపులో నూనె వేయొచ్చు, సహించకపోతే తగ్గించాలంతే. సారా, బీరు ఏదైనా నెలల తరబడి మానాల్సిందే. హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ఒకసారి చేయించండి, హెపటైటిస్ బీ అయితే లెక్క వేరు. పగలు నిద్ర, రాత్రి మెలకువ, మాట తడబాటు, ఎక్కడైనా రక్తం కారడం కనిపిస్తే ఆ గంటలోనే ఆస్పత్రికి. ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త, హెపటైటిస్-ఈ గర్భం చివరి నెలల్లో సోకితే తల్లికే ముప్పు.

వేసవిలో కాలవలు కట్టేసి చెరువులో నిలవ పెట్టిన నీళ్లు తాగే ఊళ్లలో, వానల మొదట్లో పైపులో మురుగు కలిసే ఊళ్లలో ఇది ఎక్కువ. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాగనిచ్చి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి. మామూలు క్యాండిల్ ఫిల్టరు వైరస్‌ను ఆపలేదు. టిన్ను నీళ్లు తెప్పించుకున్నా గ్లాసు ముంచి తీస్తే చేతి క్రిమి అందులో కలుస్తుంది, కొళాయి బిగించండి.

ప్రశ్న: కోవిడ్ తగ్గి చాలాకాలమైంది. ఓపిక వచ్చిందని ఆదివారం ఇల్లంతా దులిపితే మంగళవారం మంచం దిగలేను. బద్ధకమంటున్నారు. – ఉపాధ్యాయిని, మండపేట

బద్ధకం కాదండి. శ్రమ పడిన 12 నుంచి 48 గంటల తర్వాత కుప్పకూలడం వైరస్ జబ్బుల తర్వాత కొందరిలో కనిపించే స్పష్టమైన లక్షణం. వీళ్లకి 'కొద్దికొద్దిగా పెంచుకుంటూ పో' అన్న సలహా బెడిసికొడుతుంది. బాగున్న రోజు కూడా చేయగలిగినదానిలో మూడొంతుల్లో రెండొంతులే చేసి ఆపడం పనిచేస్తుంది. బీరువా ఈరోజు, కిటికీ ఎల్లుండి. కూరగాయలు కూర్చుని తరగండి, పాఠం కూర్చుని చెప్పండి. రెండు వారాలు కూలిపోకుండా గడిస్తేనే ఇంకాస్త కలపండి. లేచి నిలబడితే గుండె దడదడలాడుతుంటే పడుకున్నప్పుడు, పది నిమిషాలు నిలబడ్డాక నాడి లెక్కపెట్టి రాసుకోండి. నిలబడ్డాక నిమిషానికి 30కి మించి పెరిగితే డాక్టరుకు చూపించండి. ఈలోగా హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, బీ12 చూపించుకోండి. అన్ని నీరసాలూ కోవిడ్‌వి కావు. ఛాతీనొప్పి, ఆయాసం, పాదాల వాపు ఉంటే ఆగకండి.

ప్రశ్న: డెంగీ తగ్గిన మూడో నెలలో జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది. ఏ నూనె రాయాలి? – రాజోలు నుంచి

ఏదీ అక్కర్లేదు. పెద్ద జ్వరం దెబ్బకి వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి రెండు మూడు నెలలకి రాలతాయి. ఆర్నెల్లలో తిరిగి వస్తాయి. హిమోగ్లోబిన్, ఐరన్ చూపించుకుని, రోజూ పప్పో గుడ్డో తినండి. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందనేది వట్టిమాట.